తనే కొనుక్కున్న దండ

తెలంగాణ బంద్ రోజు మధ్యాహ్నం విద్యార్థులు యూనివర్సిటీ గేటుకు తాళం వేసి కూర్చున్నారు. ముప్పై ఏళ్లు అదే గేటును ఏలిన సెక్యూరిటీ ఆఫీసరు ఆ రోజే రిటైరై, చేతిలో సంచితో లోపలి నుంచి ఒక్కడే నడిచి వచ్చాడు. ఒక విద్యార్థి లేచి అడ్డం నిలబడ్డాడు.

"ఐడీ కార్డు చూపెట్టుండ్రి సార్."

"బంద్ అని నిన్ననే ఆఫీసులో అప్పగించేశాను బాబూ. ఇవాళ్టితో నా ఉద్యోగం అయిపోయింది."

"అట్లనా! మమ్ముల ఎన్నిసార్లు అడిగిండ్రు, యాదికున్నదా? ఆ సంచిల ఏంది?"

"పూలదండ."

"బంద్‌ల గూడ సన్మానమా? ఎవరేసిండ్రు?"

"ఎవరూ రాలేదు. రారని తెలిసే నిన్న సాయంత్రం తార్నాకలో నేనే కొనుక్కున్నాను. ఆఫీసువాళ్లు దండ వేసి పంపిస్తారని మా ఆవిడ ఎదురు చూస్తోంది. కాస్త నా మెడలో వేస్తావా? ఎవరి దండ వాళ్లే వేసుకుంటే ఏం బాగుంటుంది?"

"నేనా? పోలీసోళ్లకు నా పేరు రాసిచ్చింది మీరే గదా! పదకొండు రోజులు జైల్ల ఉన్న."

"నేనే ఇచ్చాను. కాదనను."

"తప్పయిందని గూడ అనరా?"

"అప్పుడు డ్యూటీ అనుకున్నాను. ఇప్పుడు చెప్పుకోడానికి ఆ డ్యూటీ కూడా లేదు."

"నా చెయ్యి లేవదు సార్. గేటు తీస్త, పోండ్రి. ఇంట్ల అమ్మకు నిజం చెప్పుండ్రి. కొట్టదు గదా!"

"కొట్టదు. ఒక్క మాట కూడా అనదు. ఈ దండ తీసుకుని తనే నా మెడలో వేస్తుంది బాబూ. అదే నేను తట్టుకోలేను."