మఖమల్ సీట్ల పెట్టె

పాత రైలు మళ్లీ పట్టాలెక్కిన రోజున వడ్రంగి అన్నదమ్ములిద్దరూ ప్లాట్‌ఫారం మీద నిలబడ్డారు. అన్న బాగుచేసింది చెక్కబల్లల పెట్టె, తమ్ముడు బాగుచేసింది మఖమల్ సీట్ల పెట్టె. దాన్ని చూస్తుంటే అన్నకు కడుపు మండిపోతోంది.

"ఫోటోలన్నీ నీ పెట్టెకేరా. నాది సవతిబిడ్డ అయిపోయింది."

"దాని మెరుపు అలాంటిదన్నయ్యా."

"ఉలి పట్టడం నేర్పింది నేను, పేరు మాత్రం నీకు."

"లోపల ఎవరైనా కూర్చున్నారా, చూశావా?"

"ఎవరూ లేరే!"

"తాడు కట్టేశారు. చూడ్డానికేగానీ కూర్చోడానికి కాదట. నన్నే లేవగొట్టారు."

అన్న నవ్వు ఆపుకున్నాడు. "నా దాంట్లో కాలు పెట్టే సందు లేదు."

"తెలుసు. అమ్మ కూడా అందులోనే కూర్చుంది. నా పెట్టె చూడమని పిలిచినా రాలేదు."

"అందుకా మొహం మాడ్చుకున్నావు?"

"అమ్మ పక్కన నాకూ కాస్త చోటిప్పించు."

"ఆ చోటు నాదిరా. నువ్వు ఎదురుగా కూర్చో."