ట్యాంకి మీది మైకు

కోట్‌పల్లి దగ్గర ఒక పల్లె. ఊరి బయట, రోడ్డు పక్కన చిన్న చర్చి. ఆదివారం ప్రార్థన మొదలవడానికి ఇంకా గంట ఉంది. ముప్పయ్యేళ్లుగా మైకు నడుపుతున్న యాకోబు పాత సెట్టు ముందు కూర్చున్నాడు. ఎదురుగా అదే సంఘంలోని కుర్రాడు ఇమ్మానుయేలు.

"గంతే మామా, ఒక్క మాట. పెద్దమనుషులు అడిగితే 'ఔ, గిది ఖతమైంది, కొత్త స్పీకరు డబ్బా తెచ్చుకుందం' అను. నీ నోటితోనే అను."

"ఎందుకంట? నా నోటికి ఇంకేం పని లేదా?"

"ఎన్నటి మిషిని మామా గిది! మీద మూత లేదు, ఎర్రలైటు వెలుగదు, రబ్బరు బ్యాండుతోని కట్టినవ్. పోయిన ఆదివారం పాట నడుమ గప్పున బందైపాయె. మస్తు నవ్విన్రు జనం."

"రబ్బరు బ్యాండు కాదుర, సైకిల్ ట్యూబు. ఎర్రలైటుతోని నీకేం పని? గా ఎలుగుల చదువుకుంటవా?"

"చాలూ ఉన్నదో బంద్ ఉన్నదో ఎట్ల తెలుస్తది మరి? మాట్లాడేటోనికే ఇనవడదాయె. మిషినేమో గీడ, మైకు గొట్టమేమో ఊరి నడుమ నీళ్ల ట్యాంకి మీద, దాని మొకం ఆ దిక్కుకు."

"నాకు తెలుస్తది. గా స్విచ్చి ఉన్నది సూడు, గది తాండూరుల బాగు చేపిచ్చినప్పుడు—"

"తాండూరు ముచ్చట మల్ల తియ్యకు, నీ కాళ్లు మొక్కుత! సెట్టును పసిపిల్ల లెక్క ఒళ్లె పెట్టుకోని బస్సుల వొచ్చినవ్, కండక్టరు దానికి గుడ టికెట్టు కొట్టిండు. ఊరంతకు నోటికొచ్చింది."

"కొట్టిండు మరి! అర టికెట్టు."

"సరె, జర ఇను. నీతోని లోపలి ముచ్చటున్నది. ముందు గిది బంద్ చేస్త."

"ఏయ్, ముట్టకు! గది—"

"నీ సెట్టును నేనేం తిననులే. ఇగో, స్విచ్చి కిందికున్నది, మీదికి కొట్టిన. అయిపాయె."

"అరె ఇమ్మానుయేలు, గది మీదికి కొడితే—"

"మామా! నన్ను మాట్లాడనిస్తవా లేదా?"

"...మాట్లాడు అల్లుడా. మాట్లాడు. నేను ఒద్దన్ననా? గోడలకు చెవులుంటయంటరు, జర సూస్కో."

"ఊరి బయటి గోడలకేం చెవులు? ఆ చేతిమైకును తువాలతోని ఎంతసేపు రుద్దుతవ్, పక్కన పెట్టరాదు?"

"నా చేతులనే ఉండనియ్యి. చెయ్యి ఉత్తగ ఉంటె నాకు తోచదు. చెప్పు, ఏందా లోపలి ముచ్చట?"

"కొత్త డబ్బా నా ఫోనుతోనే నడుస్తది. తీగ లేదు, గొట్టం లేదు. కూసున్న కాడికెల్లి పాట పెడ్త. నీకు ఇగ తిప్పలుండదు. ఇంట్ల పండుకో."

"పండుకోని?"

"పండుకోని... పండుకో."

"నీ తెలివి సల్లగుండ. ఊర్ల రేషన్ బియ్యమొస్తే యాకోబు, ఎవలన్న పోతే యాకోబు. చర్చి మొకం సూడనోళ్లు గుడ నా కాడికే వొస్తరు. మైసమ్మ మేక మూడుసార్లు తప్పిపోయింది, మూడుసార్లు నా మైకే పట్టిచ్చింది. గిది పోతే నన్నెవలు పిలుస్తరుర? నిజం చెప్తున్న, నాకు బయమైతుంది."

"అయ్యో, గట్లంటవేంది మామా..."

"ఇంకేమనాలె? సరె, ఒకటి అడుగుత. పోయిన ఆదివారం ట్యాంకి మీది తీగ ఎట్ల తెగింది?"

"ఎలుక కొరికింది. అందరు గదే అన్నరు."

"ఎలుక పట్కారు పట్టుకోని ట్యాంకి ఎక్కిందా? నిన్న నేనే ఎక్కి అతికిచ్చి వొచ్చిన. కత్తిరిచ్చినట్టున్నది తీగ."

"అతికిచ్చినవా? గీ వయసుల ట్యాంకి ఎక్కుడేంది? కాలు జారితే ఎవలకు తిప్పలు?"

"మాట మార్చకు."

"...నేనే కోసిన మామా. ఎవలకు చెప్పకు."

"నేను నోరిప్పను. ఎందుకు కోసినవ్?"

"మొగులప్ప పెద్దయ్య కోసం."

"మన సంఘం పెద్ద మొగులప్పనా? ఆయనేం జేసిండు నీకు?"

"ఏం జెయ్యడు, గదే బాధ. ఎదురుగ పోతే కరెంటు స్తంభాన్ని సూసినట్టు సూస్తడు. కొత్త డబ్బా నేనే తెచ్చి, నేనే నడిపిస్తే, వీడు గుడ ఒక మనిషేనని కండ్లకు ఆనుత. కాకపోతే ఆ కండ్లు తెరిచి ఉండాలె గద! రెండో పాటకు పండుకుంటడు, ఆమెన్‌కు లేస్తడు. ఆ గురకకంటె నీ మైకే నయం."

"ఏమంటివి? జర గట్టిగ చెప్పు, చెవి సరిగ పని చేస్తలేదు."

"గురక, గురక! పాస్టరు గుడ గురక ఆగే దాంక ఆగి వాక్యం చెప్తడు!"

"ఆఁ, ఇప్పుడు ఇనవడ్డది. ఆయన కండ్లకు ఆనుడు నీకెందుకు గింత అవసరం?"

"నిరోషా కోసం."

"మొగులప్ప బిడ్డనా?"

"ఔ. ఆమె వికారాబాదుకు నర్సు చదువుకు పోతది, నేను ఆడనే ఫోన్ల దుకాణంల పనికి పోత. ఒక్కటే బస్సు. రెండేండ్లాయె ఇద్దరం అనుకోని. ఆయన ముందల నోరు లేవదు మామా. కాని ఆమె లేకుంట నేను ఉండలేను."

"ఆమె లేకుంట ఏంది?"

"ఉండలేను! నీ చెవి గుడ నీ సెట్టు లెక్కనే ఖరాబైంది!"

"నా సెట్టుకేమైందిర?"

"ఏమైందా? కాలువ కాడ మొగులప్ప ఇల్లున్నది. ఊరి ఆఖరు ఇల్లు. ఆడిదాంక నీ మైకు ఎన్నడన్న ఇనవడ్డదా? ఒక్క ముక్క ఇనవడదు."

"ఒక్క ముక్క?"

"ఒక్కటంటె ఒక్కటి!"

"నీ ఫోను మోగుతుంది సూడు."

"నిరోషానే! గిప్పుడెందుకు చేసిందో..."

"స్పీకర్ల పెట్టు, నేను గుడ ఇంట."

"హలో, నిరోషా—"

"ఇమ్మూ, నోరు ముయ్యి! నీకు దండం పెడ్త, జర నోరు ముయ్యి!"

"నేనేమన్న?"

"ఏమనలే? తీగ కోసింది చెప్పినవ్, మా నాయిన గురక చెప్పినవ్, నా ముచ్చట చెప్పినవ్! ఊరంత ట్యాంకి కింద నిలవడి ఇంటుంది. మా ఇంట్ల గిన్నెలు అదురుతున్నయ్!"

"గట్లెట్లయితది? బంద్ చేసిన గద! మామా?"

"తాండూరు మేస్త్రి తీగలు ఉల్టా కలిపిండు అల్లుడా. మీదికి కొడితే చాలూ, కిందికి కొడితే బంద్. పదకొండేండ్ల సంది గంతే. మూడుసార్లు చెప్పవోతి, నువ్వు ఇన్నవా?"

"నోరిప్పనంటివి గద!"

"నేనెక్కడ ఇప్పిన? ఇప్పిందంత నువ్వే. నేను మైకు పట్టుకోని కూసున్న."

"జరుగు, జరుగు! కిందికా? కిందికేనా కొట్టాలె?"

"ఒద్దు ఇమ్మూ! పెద్దనాయినా, ఆ స్విచ్చి ముట్టనియ్యకు! బంద్ చెయ్యొద్దని మా నాయిన మరీ మరీ చెప్పి పోయిండు. గా మైకులనే ఊరికి ఏదో చెప్పాల్నంట."

"చెప్పి ఏడికి పోయిండు బిడ్డా?"

"ఆడికే వొస్తుండు పెద్దనాయినా."

"దేవా! నిరోషా, నిజం చెప్పు, కట్టె పట్టుకోని వొస్తుండా?"

"ఒక చేతిల కట్టె ఉన్నది. ఇంకో చేతిల మా గోడకున్న క్యాలెండరు ఉన్నది, మంచి తారీకు సూస్కుంట పోయిండు."