మెడ మీద వాపు

రఘునాథపల్లి దగ్గర మొగిలమ్మ మేకల దొడ్డి. టీబీ పరీక్ష కోసం మేకల మెడలకు సూది వేసి మూడు రోజులైంది. ఫలితం చూడడానికి పశువుల డాక్టరు తేజస్వి వచ్చింది.

“ఇంక ఏం చూస్తవ్ బిడ్డా, మెడలన్నీ వాసినయ్! వాస్తే జబ్బున్నట్టేనట. మొగిలమ్మ మేకలకు టీబీ అని ఊరంత గదే ముచ్చట.”

“అవ్వా, జర నా మాట ఇను. వేరేవాళ్ల మేకలకైతే అట్లనే. నీ వాటికి ఆర్నెల్ల కింద టీబీ రాకుండ టీకా ఇచ్చినం కదా. టీకా పడ్డ మేకకు జబ్బు లేకున్నా వాస్తది.”

“అంటే... జబ్బు రాకుండ మందిస్తే, జబ్బు వచ్చినట్టు కనవడ్తదా?”

“గంతే.”

“మరి గీ పరీక్ష ఎందుకు బిడ్డా?”

“ఒక్క దీనితోని జబ్బా, టీకానా తెల్వది. రక్త పరీక్ష వేరే ఉన్నది, అది తేడా చెప్తది. ఇయ్యాల రక్తం తీస్కపోత.”

“మా ఊరి మొండయ్య టీకా వద్దని తన మేకలను గుట్టకు తోలుకపోయిండు. ఆయన మంచిగున్నడు. మీ మాట ఇన్న నాకే బద్నాం!”

“ఆయనకు నేను చెప్త, నువ్వు ఫికర్ చెయ్యకు. పట్టు, పట్టు... ఒకటి, రెండు, మూడు. టీకా పడ్డయ్ మూడూ వాసినయ్. సరే.”

“నాలుగోది సుత వాసింది.”

“నాలుగోదా?”

“గా నల్లది. అన్నిటికన్న పెద్దగ వాసింది. దానికే టీకా బాగ పట్టినట్టున్నది.”

“అవ్వా, నల్లదానికి టీకా ఇయ్యలేదు. మిగిలినవాటితోని పోల్చి చూద్దామని దాన్నొక్కదాన్ని ఇడిసిపెట్టినం.”

“ఇచ్చినవ్. నువ్వే ఇచ్చినవ్, మర్చిపోయినవ్.”

“ఇయ్యలేదు. ఇగో, కాయితంల ఉన్నది.”

“...అయితే ఏ జోరీగనో కుట్టి ఉంటది.”

“జోరీగ కుడితే గింత గడ్డ కట్టదవ్వా. టీకా లేకుండ వాసిందంటే టీబీ అనుమానమే. రక్త పరీక్ష వచ్చేదాక దీన్ని వేరే కట్టెయ్యి. పాలతోని సుత అంటుకుంటది, ఎవరికి పోస్తానవ్?”

“చెడ్డ పాలు ఎవ్వరికీ పోస్తలేను! అమ్మే పాలన్నీ టీకా పడ్డ మేకలయే. ఒట్టు.”

“మరి దీనియి?”

“దీనియి అమ్ముతలేను.”

“అమ్మకుంటే ఏం చేస్తానవ్?”

“దాన్ని ఇప్పుడే వేరే కట్టేస్త బిడ్డా.”

“అవ్వా, పాల సంగతి అడుగుతాన.”

“టీకా మందు పాలల్లకు దిగుతదని ఎవలో అన్నరు బిడ్డా. నాకు భయమైంది. అందుకే నా మనుమరాలికి గీ నల్లదాని పాలొక్కటే... కాస్తే బలం పోతదని, పచ్చిగనే తాపుతాన.”