సుక్రు పేరు మీద

(అరకులోయ. కాఫీ, మిరియాలు, తేనె అమ్మే సహకార సంఘం కొట్టు. కౌంటరు వెనక ముగ్గురు పనివాళ్ళు. ఎదురుగా, వైజాగ్ ఆఫీసు నుంచి వచ్చిన ఏంజెలిన్, ఆమె లాప్‌టాప్.)

"డాష్‌బోర్డంటే ఇదే కనక గారూ. మీరు బిల్లింగ్ మిషన్లో కొట్టినవన్నీ సాఫ్ట్‌వేరు లాక్కుని ఇలా బొమ్మలు గీస్తుంది. మనిషికో గీత."

"బాగుంది మేడమ్. రంగులు బాగున్నాయి."

"రంగుల కోసం కాదు. ఇదిగో, ఈ పొడుగాటి పచ్చ గీత సుక్రు గారిది."

"అవునా."

"ఈ పొట్టి ఎర్రది ధర్మ గారిది."

"కనపడతంది. సెప్పక్కర్లేదు."

"కోపం తెచ్చుకోకండి ధర్మ గారూ."

"కోపమేటి. ఎరుపు బాగానే ఉంది."

"మేడమ్, ఆడికి ఎరుపు తీసీసి వేరే రంగు ఎయ్యలేవా?"

"నేను వెయ్యలేదు కనక గారూ. అమ్మకం తగ్గితే సాఫ్ట్‌వేరే వేస్తుంది. మధ్యలో పసుపుది మీది. మీ ఇద్దరివీ కలిపినా సుక్రు గారిదే ఎక్కువ. మా మేనేజరు టైటస్ సార్‌కి చూపిస్తే కుర్చీలోంచి లేచారు. సుక్రు గారిని వైజాగ్ మీటింగుకి పిలిపించి, ఎలా అమ్ముతున్నారో అన్ని కొట్లవాళ్ళకీ చెప్పించాలంటున్నారు."

"ఎవుల్ని?"

"సుక్రు గారిని. స్టేజీ ఎక్కించి."

"స్టేజీ ఎక్కించా?"

"మైకిచ్చి."

"కాఫీ తాగండి మేడమ్. సల్లారిపోతంది."

"తాగుతున్నాను. చాలా బాగుంది. ఇంతకీ కస్టమర్లతో ఏం చెప్తారాయన?"

"ఏటీ సెప్పడు."

"అంటే, కొనమని ఒత్తిడి చెయ్యరు."

"సెయ్యడు."

"రేటు తగ్గించమంటే?"

"నవ్వుతాడు."

"నవ్వుతారు. రాసుకుంటున్నాను. మిగతా కొట్లకి పనికొస్తుంది. ఇంకేం మాట్లాడరా?"

"ఆడు మాటాడగా సూసి సానా రోజులైంది. ఏటి ధర్మా?"

"నన్నడక్కు."

"ఒక్కటి మాత్రం అర్థం కాలేదు. మొన్న సంత రోజు సుక్రు గారు ఇక్కడ బిల్లు కొట్టారు. అదే నిమిషంలో డుంబ్రిగుడ సంతలో మన స్టాల్లోనూ కొట్టారు."

"దగ్గరే గదా మేడమ్."

"ఒకే నిమిషంలో కనక గారూ."

"ఆటోలో ఎళ్ళుంటాడు."

"ఒకే నిమిషంలోనా?"

"ఆటో బేగి ఎళ్ళుంటాది."

"ధర్మ గారూ, సంతలో స్టాలు చూసేది మీరే కదా?"

"నన్నడక్కన్నాను గదా."

"సరే, ఆయన్నే అడుగుతాను. ఎక్కడుంటారు?"

"ఎవులు?"

"సుక్రు గారు."

"ఎక్కడేటి. ఇందాకట్నుంచి నీకు కాఫీ పోస్తన్నాడు గదా మేడమ్. ఆడే."

"ఈయనా? అయ్యో, నమస్తే సుక్రు గారూ. ఇందాక పలకరిస్తే ఊరుకున్నారు, పనిలో ఉన్నారనుకున్నాను. నా పేరు ఏంజెలిన్. ఈ బిల్లుల సంగతి మీరే చెప్పాలి. సుక్రు గారూ?"

"పలకడు మేడమ్. గొంతులో గడ్డ లేసింది. వైజాగులో కోసి తీసీసినారు. పేణం దక్కింది, మాట పోయింది. ఆ మఫ్లరు అందుకే."

"ఆఫీసుకి చెప్పలేదా?"

"సెప్తే? మూడు నెల్లు అమ్మకం పడిపోతే ఇంటికెళ్ళిపొమ్మని మీ రూలు గదా. మాట లేనోడు టూరిస్టులకి ఏటి అమ్ముతాడు? అలాగని ఆడు కలిపినట్టు కాఫీ ఎవులూ కలపలేరు. అది తాగే జనం పొడి కొంటారు. బేరం నేనాడతాను, మిషను మీద ఆడి పేరు నొక్కుతాను. అంతే."

"మీరొక్కరేనా?"

"నా అమ్మకంలో నేను సగమే ఇచ్చినాను. ఇదిగో, ఈ ధర్మ, సంత సంతంతా ఆడి పేరే నొక్కీసినాడు."

"నేనేటీ నొక్కలేదు. వేలు తగిలింది."

"ప్రతి సంతకీ తగులుతోందా ధర్మ గారూ?"

"నావి లావు వేళ్ళు మేడమ్."

"ఆ వేళ్ళే మీ ఉద్యోగం మీదకి తెచ్చాయి. మూడు నెలలుగా ఎరుపులో ఉన్నవాళ్ళని ఈ నెలాఖరుకి తీసేస్తారు. ఆ మాట చెప్పడానికే సార్ నన్ను పంపారు."

"ధర్మనా? మేడమ్, ఈడి ఇంట్లో ఇంకెవులికీ పని లేదు."

"నువ్వూరుకో కనకా. సుక్రూ, అలగ సేతులూపకు, పాలొలికిపోతాయి. అర్థమయింది నాకు. నా కోసం నువ్వేటీ పని మానీక్కర్లేదు. ఎళ్ళు, ఆ గ్లాసులు కడుగు."

"ఆగండి. టైటస్ సార్‌కి ఫోన్ చేస్తాను. స్పీకర్లో పెడుతున్నాను, మీరూ వినండి."

"ఉన్నదంతా సెప్పీస్తావా మేడమ్?"

"నా పని వరకే చెప్తాను."

"హలో. చెప్పమ్మా ఏంజెలిన్."

"సార్, అరకు కొట్టు డాష్‌బోర్డు తప్పు."

"తయారుచేసింది నువ్వే కదా."

"నేనే సార్. ఇక్కడ ఒకరు అమ్మితే బిల్లు ఇంకొకరి పేరు మీద పడుతోంది. మనిషికో గీత గియ్యకూడదు. కొట్టు మొత్తానికి ఒకటే గియ్యాలి."

"ఒకటే గీస్తే ఎవర్ని తియ్యాలో ఎలా తెలుస్తుంది?"

"తెలీదు సార్."

"మరదేం డాష్‌బోర్డమ్మా?"

"కొట్టుగా చూస్తే అన్నిటికన్నా పైన ఉన్నది ఇదే సార్. ఇందులోంచి ఒక్కర్ని తీసినా పడిపోతుంది."

"అది నువ్వంటే సరిపోదు. సుక్రు అనాలి. మంచి పేరు పోయేది అతనిదే కదా. అందరం కలిసే అమ్ముతున్నామని అతని నోటితో చెప్పమను, ఒప్పుకుంటాను. ఫోను అతనికివ్వు."

"సార్, ఆయన..."

"అక్కడున్నాడా, లేడా?"

"ఉన్నారు సార్. గ్లాసులు కడుగుతున్నారు."

"తర్వాత కడుగుతాడు. ఇవ్వమ్మా."

"మేడమ్, ఇటియ్యండి ఫోను."

"మీరెందుకు ధర్మ గారూ? సార్ అడిగింది..."

"ఇటియ్యండి. హలో, నమస్తే సార్. సుక్రుని. మేడమ్ సెప్పింది నిజమే సార్, ముగ్గురం కలిసే అమ్ముతన్నాం, గీత ఒకటే గీయించండి. స్టేజీకి మటుకు నన్ను పిలవకండి సార్. నాకు మాటాడ్డం రాదు."