జెండా కొయ్య కింద చమురు ట్యాంకు

మా ఊరి కొట్టులో, రొట్టెల అర పక్కనున్న బల్ల దగ్గర నేను నోరు విప్పితే తక్కినవాళ్ల కాఫీ చల్లారిపోతుందని పేరు. నిన్న పొద్దున ఐనార్ తన పడవ ఇంజను గురించి ఏదో మొదలుపెట్టాడు గానీ, నేనుండగా ఇంజను గోల ఎవడికి కావాలి? మా పెరట్లో ట్యాంకు తీయించిన సంగతి ఎత్తుకున్నాను.

"ఇల్లు వెచ్చబెట్టే చమురు కోసం మా నాన్న పూడ్చిన ట్యాంకు అది. చోటు మరిచిపోకుండా దానిమీదే, ఇంట్లో పుట్టినరోజులకి ఎగరేసే జెండా కొయ్య పాతాడు. ఇప్పుడు ఆ పనికి కరెంటొచ్చింది, అది మట్టిలో తుప్పు పడుతోంది. దిగువనే పక్కింటి బోర్గిల్డ్ బావి. చెంబెడు చమురు కారినా ఆవిడ పుట్టినప్పట్నుంచీ తాగుతున్న నీళ్లు పోయినట్టే. అందుకని కాంట్రాక్టర్లందర్నీ వరసగా నిలబెట్టి ప్రశ్నలడిగాను. చివరిదాకా నిలిచినవాడు హాల్‌గేర్ ఒక్కడే."

"ఈ చుట్టుపక్కల ఉన్నదే వాడొక్కడు కదరా ఒడ్వార్," అన్నాడు ఐనార్.

"నేనూ అదేగా చెబుతున్నాను, ఒక్కడే నిలిచాడని. సరే, వాడు అడుగున మిగిలిన చమురు తోడి, లోపలంతా కడిగి, తవ్వే యంత్రానికి గొలుసు కట్టి లాగాడు. ట్యాంకు కదిలితేనా, యంత్రమే గాల్లోకి లేచింది. నేను కోటు విప్పి, గొలుసు భుజాన వేసుకుని ఒక్క గుంజు గుంజాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? భూమి అదిరి చర్చి గంట దానంతటదే మోగింది. ఎవరు పోయారంటూ పాస్టరు పరుగెత్తుకొచ్చాడు."

"చర్చి సముద్రపు పాయకి అవతలి ఒడ్డున కదా?" అన్నాడు ఐనార్.

"అందుకే పడవలో పరుగెత్తుకొచ్చాడు. ఈలోగా ట్యాంకు వాలులో దొర్లి సముద్రపు పాయలో పడింది. ఎగిరి దానిమీద కూర్చున్నాను. ఖాళీ ఇనుము మునగదు, పీకిన జెండా కొయ్యే తెడ్డు. ఫెర్రీ కెప్టెన్ టోపీ తీసి దారిచ్చాడు. ఒక తిమింగలం వెనకనుంచి నెట్టింది, పాపం. డెన్మార్కు ఒడ్డున జనం కాఫీ పట్టుకుని నిలబడ్డారు గానీ, చూస్తే పల్చగా ఉంది. వెనక్కి తిప్పేశాను. నేనొచ్చేసరికి హాల్‌గేర్ ఇంకా తన రొట్టె పొట్లం విప్పుతున్నాడు. ఇక మిగిలింది చమురు కారిందేమోనని మట్టి వాసన చూడటం. దానికి వాడి ముక్కు చాలదని నేనే గోతిలో దిగి ఒక్క పీల్పు పీల్చాను. మా తాత నాటి బంగాళాదుంపల వాసన తప్ప ఏమీ లేదు. శుభ్రం, అన్నాను."

వెనక నుంచి సంచి సర్దుకుంటున్న చప్పుడు. బోర్గిల్డ్. ఎంతసేపట్నుంచి ఉందో.

"ఒడ్వార్, నువ్వు గోతిలో ఎప్పుడు దిగావు? నా వంటింట్లో ఉన్నావుగా. కిటికీకి వీపు పెట్టి, చెవులు మూసుకుని, నీ బావి పాడైతే నీ మొహం ఎలా చూడనూ అంటూ. మట్టి వాసన చూసింది హాల్‌గేర్. చుక్క కూడా కారలేదని వాడు తలుపు దగ్గరికొచ్చి చెప్పాకే కదా నువ్వు లేచావు. లేచి నా బావి నీళ్లు కడుపు పట్టినన్ని తాగావు."

నేను చల్లారిన కాఫీ కలుపుకున్నాను, పంచదార వేసుకోకపోయినా.

ఐనార్‌కి ఏదో గుర్తొచ్చింది. "అవును బోర్గిల్డ్, ఆ రోజు మీ పెరట్లో జెండా ఎగిరిందేం?"

"కొయ్య పీకేశారుగా, ఒడ్వారే జెండా తెచ్చి నా బట్టల తీగకి కట్టాడు, తడి దుప్పట్ల మధ్య. దారినపోయే ప్రతివాళ్లూ ఆగి, ఇవాళ ఎవరి పుట్టినరోజని అడగడమే."

"ఏం చెప్పావు?"

"నా బావిదని చెప్పాను."