అది లిజెట్ ట్రైలర్ కాదు

ఫాదర్ గారికి, బంధువులకు, నా తోటి డ్రైవర్లందరికీ నమస్కారం.

నలభై తొమ్మిదేళ్ల కూతుర్ని పొద్దున మట్టికి అప్పగించి వచ్చాను. ఎనభై ఒక్క ఏళ్ల ముసలివాడు చేయాల్సిన పని కాదది. అయినా ఈ చర్చి హాలు చూస్తుంటే, దేవుడు నన్ను క్షమించాలి, నా గుండె సంతోషంతో పొంగిపోతోంది. ఇంతమందా! కుర్చీలు చాలక గోడలకు ఆనుకుని నిలబడ్డారే! బయట రోడ్డు పొడవునా లారీలేనట! నా బిడ్డ కోసం! నా లిజెట్ కోసం!

నేను నాలుగో తరగతి దాటలేదు. మాటలు తడబడితే ఏమీ అనుకోకండి.

మాంట్రియల్ నుంచి మా చెల్లెలు వచ్చింది. లిజెట్ ఏం పని చేసేదో దానికి ఇప్పటికీ సరిగా తెలియదు. దానికోసం ఒక్క మాట చెబుతాను. మన సెయింట్ లెనార్డ్ నుంచి లారీ వంతెన దాటి అమెరికాలోకి వెళ్లాలంటే, లోపల ఏ సరుకుంది, ఎవరు నడుపుతున్నారు, లారీ నంబరేంటి, వెనక తగిలించిన ట్రైలర్ నంబరేంటి, ఇవన్నీ కనీసం గంట ముందే కంప్యూటర్లో అవతలి కస్టమ్స్ వాళ్లకు చేరాలి. దాన్నే మానిఫెస్ట్ అంటాం. మన కంపెనీలో అది పంపేది లిజెట్. పద్దెనిమిదేళ్లు పంపింది.

ఆ పద్ధతి కొత్తగా వచ్చినప్పుడు వంటింట్లో నా టోపీ తీసి నేలకేసి కొట్టాను. "వంతెన మీద కూర్చునే మనిషికి ముప్పై ఏళ్లుగా నా మొహం తెలుసు. ఈ పెట్టె ఎందుకే మధ్యలో?" అని అరిచాను. అది నవ్వి టోపీ తీసి నా నెత్తిన పెట్టింది. "నీ మొహం సంగతి సరే నాన్నా, ఇకమీదట నీకంటే ముందు నీ కాగితం వెళ్లాలి. నువ్వు తీరిగ్గా వెనకాల వెళ్దువుగానీ" అంది.

తీరిగ్గా వెనకాల. ఇప్పుడు చూడండి, నా బిడ్డే ముందు వెళ్లిపోయింది.

బొహ్దాన్ ఎక్కడ? అదుగో, చివర్లో నిలబడ్డాడు. హాలిఫాక్స్ నుంచి వచ్చాడు. ఏడేళ్ల కిందట ఒక తుఫానులో అతను వంతెన దగ్గర ఇరుక్కుపోయాడు. వాళ్ల కంపెనీ మానిఫెస్ట్ పంపడం మరిచిపోయింది. అతనికి మన ఫ్రెంచి భాష రాదు, ఇంగ్లీషూ రాదు. లిజెట్ అతన్ని ఎరగదు. అయినా భోజనం వదిలేసి బూట్లు తొడుక్కుని వెళ్లింది. కాగితం మీద లారీ బొమ్మ గీసి, వేలు పెట్టి చూపిస్తూ ఒక్కొక్క వివరం రాబట్టి, వాళ్ల కంపెనీ వాళ్లను ఫోన్లో నిద్ర లేపి మానిఫెస్ట్ పంపించింది. గంట గడిచేదాకా అతన్ని మా ఇంట్లో కూర్చోబెట్టి ప్లోయి అట్లు పెట్టింది. పదకొండు తిన్నాడు! బొహ్దాన్, సిగ్గుపడకు బాబూ, అది ఎంత మురిసిపోయిందో నాకు తెలుసు.

ఇక అసలు సంగతికి వస్తాను. దీనికోసమే మైకు అడిగాను.

మీలో ఎవరు పొరపాటు చేసినా ఒక ఎగతాళి ఉంది కదా. "ఏంట్రా, ఇది కూడా లిజెట్ ట్రైలరేనా?" అంటారు. నార్మండ్, తల దించుకోకురా, నువ్వొక్కడివే కాదు, ఊరంతా అంటుంది. దాని ముందే అనేవాళ్లు. అదీ నవ్వేది. పద్నాలుగేళ్లు నవ్వింది.

గుర్తుందా ఆ చలికాలం? మానిఫెస్ట్‌లో ట్రైలర్ నంబరు ఒకటి, లారీ వెనక ఉన్నది ఇంకొకటి. విత్తనపు బంగాళాదుంపల లోడును వంతెన మీద నుంచి తిప్పి పంపారు. ఆ తర్వాత నెల రోజులు మన లారీలన్నిటినీ సోదాకని పక్కకు లాగి విప్పించారు. మీరంతా ఆ చలిలో గంటలు గంటలు నిలబడ్డారు. యజమాని రెజాన్ అందరినీ పిలిచి, ఈ తప్పు ఎవరిది అని అడిగాడు. లిజెట్ లేచి, "నంబరు నేనే తప్పు కొట్టాను" అంది.

అబద్ధం.

వింటున్నారా? అది అబద్ధం. ఆ లారీ నాది. ముందురోజు ట్రైలర్‌కు బ్రేకు లైటు పోతే పొద్దున్నే యార్డులో వేరేది తగిలించారు. లిజెట్ ఫోన్ చేసి నంబరు అడిగింది. నా మోకాళ్లు వాచిపోయి ఉన్నాయి. బయట మైనస్ ముప్పై. క్యాబిన్ వెచ్చగా ఉంది. నిన్నటి నంబరే నోటికొచ్చింది, చెప్పేశాను. "దిగి చూశావా నాన్నా?" అని అడిగింది. "చూశాను" అన్నాను. దిగలేదు. తలుపు కూడా తీయలేదు.

అది లేచి ఆ మాట చెప్పినప్పుడు నేను మూడో కుర్చీలో ఉన్నాను. ముసలి డ్రైవర్లను ఆపేస్తారని అప్పట్లో పుకారు ఉంది. ఇంకొక్క ఏడాది నడపాలని నా ఆశ. నోరు మూసుకున్నాను. ఆ రోజు ఇంట్లో అది నన్ను ఒక్క మాటా అనలేదు. అట్టు మీద వెన్న రాసి నా ముందు పెట్టి, "ఇకనుంచి దిగి చూడు నాన్నా" అంది. అంతే.

ఆ తర్వాత మీ అందరి ప్రాణం తీసిందిగా! నంబరు కంఠతా వచ్చినా సరే, ఫోను పట్టుకుని ట్రైలర్ వెనక్కి నడవాలి, ఒక్కొక్క అక్షరం చదవాలి. "బూట్ల కింద మంచు చప్పుడు వినపడలేదు, మళ్లీ వెళ్లు" అనేది. ఎంతమంది తిట్టుకున్నారు! కానీ పద్నాలుగేళ్లలో ఇంకొక్క లారీ వెనక్కి తిరిగిందా? చెప్పండి, ఒక్కటైనా తిరిగిందా?

మొన్న ఆసుపత్రిలో, "అందరికీ చెప్పేస్తానే తల్లీ" అన్నాను. ఆ ఒంట్లో లేని ఓపికతో నవ్వింది. "ఇప్పుడెందుకు? నాకు కొత్తగా పోయే ఉద్యోగం లేదు, నీకు కాఫీ తాగే స్నేహితులు పోతారు" అంది. అప్పుడు కూడా నా గురించే.

పోతే పోనివ్వండి. రెజాన్, ఆ తప్పు నాది. నార్మండ్, ఇకమీదట నా పేరు పెట్టి "ఒనేజీమ్ ట్రైలర్" అని అనండి. నేను బతికుండగా నా మొహం మీదే అనండి. నేను చచ్చాక కూడా అనండి. నా బిడ్డ పేరు మాత్రం ఆ మాటలోంచి తీసేయండి. నేను అడిగేది అదొక్కటే.

ఇప్పుడు అందరూ లేవండి. ఆ రోజు నేను క్యాబిన్‌లోంచి దిగలేదు. ఇవాళ ఈ కర్ర పక్కన పెట్టి నిలబడతాను. ఒక నిమిషం ఎవరూ మాట్లాడకండి. లేచేటప్పుడు బూట్ల చప్పుడైతే కానివ్వండి. అది విన్నాకే నా లిజెట్ నమ్మేది.