జానీ సంచిలో మంచు

జడ్చర్ల చౌరస్తాలో రామమ్మ చాయ్ హోటల్ బెంచీ మీద కూర్చుంటే చాలు, జానీకి మాటలు వాటంతటవే వస్తాయి. ఆ సాయంత్రం మరీనూ. మందుల కంపెనీలో అతనితో పాటు పనిచేసే మల్లిక బస్సు కోసం అక్కడే నిలబడి ఉంది. మంచు కొండలు చూడాలని ఉందని ఆమె ఎప్పుడో అన్న మాట జానీ గుండెలో దాచుకున్నాడు. చేతిలో పట్టుకుని ఆడే గేముల కంప్యూటర్ కొన్నది ఆ ఒక్క మాట కోసమే. ఆమెకు చూపిద్దామని ఇవాళ సంచిలో తెచ్చాడు. కానీ ఊరికే తీసి చూపిస్తే అతను జానీ ఎట్లా అవుతాడు?

"దాని తెర ఎంత సాఫుంటదంటే అక్కా, మంచు కొండల గేము పెడితే కొండ మీద చీమ కాళ్లు గుడ కనిపించినయ్," అన్నాడు రామమ్మతో, కళ్లు మల్లిక వైపు పెట్టి.

"చీమ కాళ్లేనా?" అంది రామమ్మ గ్లాసులు కడుగుతూ.

"జర విను! గా తెరల వాగు పారుతాంది. గీ ఐలేశం కాక మేకలు మా వాకిట్లకెళ్లి పోతుండె. ఒక మేక ఆగి తెరకు మూతి పెట్టింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మందకు మంద తాగి పోయింది!"

"అందుకేనారా పాలు గింత పల్చగైనయ్?" అన్నాడు పక్కనే చాయ్ ఊదుకుంటున్న ఐలేశం.

"అది వేడెక్కదా?" అని అడిగింది మల్లిక. జానీకి ఇంకేం కావాలి?

"వేడా! లోపల పంకా ఉంటది మల్లికా. గా గాలికి మా అవ్వ వడ్లు తూర్పారబట్టింది. జర జోరు పెంచిన. గల్లీ అంత సల్లగై పక్కింటోళ్లు కూలర్లు బంద్ చేసిండ్రు. ఇంక పెంచిన. తెరల మంచు గాలికి లేసి బయటికొచ్చింది! మెల్లగ, పత్తి తీర్గ... చేన్ల మీద, రైలు పట్టాల మీద. కుక్కలు మొరుగుడు ఆపినయ్. ఎటు చూసినా తెలుపే. ఒక పిల్ల చెప్పులు చేతిల పట్టుకొని గా మంచుల నడుస్తాంది, సప్పుడే లేదు..."

తను చెప్పేది కోత అని జానీకే గుర్తు లేదు. ఆ మంచు నిజంగా కనిపిస్తోంది.

"ఎవరా పిల్ల?" అంది రామమ్మ. జానీ తల వంచుకున్నాడు.

"పిల్ల సంగతి తర్వాత," అన్నాడు ఐలేశం బెంచీ కిందికి చూస్తూ. "నీ మంచు కరుగుతున్నట్టుందిరా."

జానీ సంచిలోంచి నీళ్లు బొట్లు బొట్లుగా కారుతున్నాయి.

"తియ్యి, చూద్దాం," అంది మల్లిక.

తీస్తే, తడి తువ్వాల చుట్టిన కంప్యూటర్. "ఎండకు కాలుతదని... కాక నీళ్ల సీసకు తడిబట్ట సుడతడు గద, గట్లనే సుట్టిన," అని నసిగాడు జానీ. తువ్వాల విప్పి మీట నొక్కాడు. మళ్లీ నొక్కాడు. తెర నల్లగా ఉండిపోయింది.

"నా సీసల ఉండేదే నీళ్లు గదరా!" అన్నాడు ఐలేశం. దాన్ని చేతిలోకి తీసుకుని వెలుతురుకు పట్టి చూశాడు. "తెర మాత్రం నిజంగ సాఫున్నది పో. ఒక్క అబద్ధం గుడ కనిపిస్తలేదు."

రామమ్మ పడీ పడీ నవ్వింది. జానీకి సిగ్గుతో కళ్లల్లో నీళ్లు తిరిగాయి. మల్లిక నవ్వలేదు. కంప్యూటర్‌ను చున్నీతో తుడిచి అతని చేతిలో పెట్టింది. అప్పుడే బస్సు వచ్చింది.

"దాన్ని మంచిగ ఆరబెట్టు," అంది మెట్టెక్కుతూ. "గా పిల్ల ఎటు పోయిందో రేపు చెప్పు. కోతలు లేకుండ."

బస్సు కదిలింది. జానీ నోరు తెరిచాడు గానీ, ఒక్క మాటా రాలేదు.